మా అమ్మ ఫోన్లోంచి అడిగిన ప్రశ్న

అసూయ అనేది ఇతరులకు వచ్చే జబ్బని, మనకి అంటదని గట్టిగా నమ్మిన రోజులవి. ఉద్యోగం కొత్త. గుంటూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేదాన్ని. పిల్లలు "మేడమ్" అని పిలిస్తే, వెనకాల ఎవరైనా వస్తున్నారేమోనని తిరిగి చూసే దశ ఇంకా దాటలేదు. అప్పుడే మా ప్రిన్సిపాల్ గారు ఏదో సెమినారుకి వెళ్లొచ్చి, పిల్లలు ఎలాగూ ఫోన్లు వదలరు కాబట్టి పాఠాలే ఫోన్లలోకి వెళ్లాలని తీర్మానించారు. ప్రతి లెక్చరరూ ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ తెరిచి చిన్న చిన్న వీడియోలు పెట్టాలి. పిల్లలు కూడా అదే పాఠాన్ని తమ మాటల్లో చెప్పి పెట్టాలి, దానికి ఇంటర్నల్ మార్కులు. (డాన్సు కూడా చెయ్యాలాండీ అని కెమిస్ట్రీ మాస్టారు అడిగారు. ఆయన నిజంగా తెలుసుకుందామనే అడిగారు.)

నేను మాత్రం ఎగిరి గంతేశాను. ఇస్త్రీ చీర కట్టుకుని, జడలో పూలు పెట్టాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి, చివరికి పెట్టుకుని, డిమాండ్ సూత్రం మీద వీడియో తీశాను. "ఇతర పరిస్థితులు స్థిరంగా ఉన్నప్పుడు" అని మొదలుపెట్టాను. ఆ వాక్యం పూర్తయ్యేదాకా ఆగినవాళ్లు తక్కువని తర్వాత తెలిసింది. లైకులిచ్చిన వాళ్లలో ప్రిన్సిపాల్ గారు, మా చెల్లెలు, అటెండెన్సు తక్కువైన కొందరు పిల్లలు ఉన్నారు.

అదే వారం వినుకొండ పిల్ల వీడియో వచ్చింది. వినుకొండ దగ్గర ఒక పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివేది కాబట్టి అందరూ ఆ అమ్మాయిని అలాగే పిలిచేవాళ్లు. క్లాసులో నోరు విప్పేది కాదు. అలాంటిది ఆదివారం ఇంటికెళ్లి వాళ్ల మిరప చేలో నిలబడి, నెత్తిన చున్నీ కప్పుకుని, పక్కింటి వాళ్లతో కబుర్లు చెప్పినట్టు చెప్పేసింది. "మిరపకాయల రేటు పెరిగిందని మా అమ్మ కూరలో కారం మానేసిందా? లేదు. యాపిల్ పళ్ల రేటు పెరిగితే మాత్రం ఒక్కటి కొనలా. కారానిది ఇన్‌ఎలాస్టిక్ డిమాండు, యాపిల్‌ది ఎలాస్టిక్. మా అమ్మకి ఎకనామిక్స్ వచ్చు, వచ్చని ఆమెకి తెలీదు." అంతే, అయిపోయింది. నేను రెండు పీరియడ్లు తీసుకున్న పాఠం.

మా కాలేజీ పిల్లలే కాదు, వేరే కాలేజీల వాళ్లు కూడా చూశారు. ఆ అమ్మాయి వరసగా వీడియోలు పెడుతూ పోయింది. నేను ప్రతిదాని కిందా "బాగుంది" అని రాసేదాన్ని. (ఆ ఒక్క మాట టైపు చెయ్యడానికి నా వేలు ఎంత మొరాయించేదో నాకే తెలుసు.) తర్వాత కూర్చుని తప్పులు వెతికేదాన్ని. కాళ్లకి చెప్పులు వేసుకోకుండా పాఠం చెప్పడమేమిటి, వెనకాల గేదె అరుస్తుంటే ఆపి మళ్లీ తీయొద్దా అని. గేదె కనిపించిన వీడియోకే ఎక్కువ లైకులొచ్చాయి.

ఇదంతా ఎలాగో ఓర్చుకునేదాన్ని, మా అమ్మ లేకపోతే. అమ్మ ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. ఆ వీడియోలన్నీ చూడటమే కాక చర్చిలో స్త్రీల సమాజం గ్రూపులో కూడా పెట్టేది. ఒకరోజు కాఫీ తాగుతూ, "ఈ పిల్ల చెప్తుంటే నాకే అర్థమవుతుందే. నువ్వు కూడా ఈ సబ్జెక్టేగా చెప్పేది?" అంది. పాపం, ఆవిడ మనసులో ఏమీ లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తుండగా ఆవిడ ఫోను తీసుకున్నాను. అందులో ఆవిడ ఇన్‌స్టాగ్రామ్ ఖాతాకి గులాబీ పువ్వు బొమ్మ తప్ప మనిషి ఫొటో లేదు, పేరు చూసి మా అమ్మని ఎవరూ పోల్చుకోలేరు. వినుకొండ పిల్ల కొత్త వీడియో కింద ఒక ప్రశ్న పెట్టాను: ధర పెరుగుతుందని రైతులంతా మిర్చిని కోల్డ్ స్టోరేజీలో దాచేస్తే, చివరికి ధర పెరుగుతుందా, తగ్గుతుందా? తడబడి ఏదో ఒకటి వాగుతుంది, నేను టీచరు హోదాలో వచ్చి సవరిస్తాను అని నా పథకం. కాసేపటికి జవాబొచ్చింది. "మంచి ప్రశ్న అడిగారు ఆంటీ. నాకు తెలీదు. మా మేడమ్‌ని అడిగి చెప్తాను."

మర్నాడు క్లాసులో లేచి నిలబడింది. ఒక ఆంటీ అడిగారంటూ నా ప్రశ్న నాకే అప్పజెప్పి, "మా నాన్న మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, కూడా కోల్డ్ స్టోరేజీలోనే ఉన్నాయి మేడమ్. అమ్మాలా ఆగాలా అని ఇంట్లో రోజూ గొడవే," అంది. క్లాసంతా నా వైపు చూసింది. ఎదుటివాళ్లని ఇరికించడానికి వేసిన ప్రశ్నకి జవాబు ఆలోచించి పెట్టుకోవాలని నాకు అప్పటిదాకా తోచలేదు. రేపు చెప్తానన్నాను.

ఆ సాయంత్రం లైబ్రరీలో పుస్తకాలన్నీ ముందేసుకున్నాను. మొదట్లో నా పరువు కోసమే చదివాను. తర్వాత ఆ తండ్రి గుర్తొచ్చి చదివాను. మర్నాడు ఏ నోట్సూ లేకుండా బోర్డు ముందు నిలబడి చెప్పాను. అందరూ దాస్తే ఈరోజు సరుకు తగ్గి ధర పెరుగుతుందని, ఆ ధర చూసి అందరూ ఒక్కసారి బయటికి తీస్తే పడిపోతుందని, ఎవరు ఎప్పుడు తీస్తారో ఎవరికీ తెలీదు కాబట్టి కొంత ఇప్పుడు, కొంత తర్వాత అమ్ముకోవడం గుండెకి మంచిదని. "ఇతర పరిస్థితులు" అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. వినుకొండ పిల్ల ముందే నన్నడిగి దాన్ని వీడియో తీసి తన పేజీలో పెట్టింది.

గుండె ఉప్పొంగిపోయి సాయంత్రం కామెంట్లు చదువుతున్నాను. అన్నిటికంటే పైన గులాబీ పువ్వు కనిపించింది. "ఈ టీచరు మా పెద్దమ్మాయే. చిన్నప్పటి నుంచీ తెలివిగలది." అమ్మ రాసింది, ప్రశ్న అడిగిన ఆ ఖాతాలోంచే.

మర్నాడు కాలేజీకి వెళ్లకుండా ఉండటానికి జ్వరం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. క్లాసయ్యాక వినుకొండ పిల్ల నా టేబుల్ దగ్గరికొచ్చింది. మొహంలో నవ్వు లేదు, కోపం లేదు.

"ఆంటీకి మీరు ఇంట్లోనే చెప్పి ఉండొచ్చు కదండీ," అంది.

నేను టేబుల్ మీది చాక్‌పీసులన్నీ ఏరి డబ్బాలో పెట్టసాగాను. "పోనీలెండి మేడమ్. మీరు చెప్పినట్టే మా నాన్న సగం అమ్మేస్తానన్నాడు. ఇంట్లో గొడవ తగ్గింది," అని వెళ్లిపోయింది.

ఇప్పుడా అమ్మాయి కూడా ఎకనామిక్స్ లెక్చరరే. మొన్నామధ్య ఫోను చేసింది. గొంతు అదోలా ఉంది. మాటలు అటూ ఇటూ తిప్పి, చివరికి అసలు సంగతి బయటపెట్టింది. తన క్లాసులో ఒక కుర్రాడు రీల్స్ పెడుతున్నాడట. "నాకంటే బాగా చెప్తున్నాడండీ. అందరూ వాడివే చూస్తున్నారు. ఏం చెయ్యమంటారు మేడమ్?"

వాణ్ణి ప్రోత్సహించాలమ్మా, గురువుకి అంతకంటే ఏం కావాలి అని చాలా పెద్దరికంగా చెప్పాను. ఫోను పెట్టేశాక ఆ పూటంతా నాకు నవ్వు ఆగలేదు.