పోలికల దావీదురాజు

దావీదురాజుకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎవరిని చూసినా ఇంకెవరి పోలికో చెప్పకుండా ఉండలేడు. ఎక్కిళ్ళు పట్టుకున్నవాడు గుక్కెడు నీళ్ళు తాగి ఆపుకోగలడేమో గాని, నాలిక చివరికి వచ్చిన పోలికను దావీదురాజు ఆపుకోగా నేను చూడలేదు.

కమలాపురంలో బస్టాండు నుంచి చర్చికి పోయే దారిలో ఆయన టైలరు అంగడి ఉండేది. నేను అక్కడి ప్రైమరీ స్కూల్లో పంతులును. బడి వదిలాక ఇంటికి పోయేముందు ఆ అంగడి బెంచీ మీద కాసేపు కూచోవడం నాకు అలవాటు. చొక్కా కుట్టించుకుందామని వచ్చినవాడు టేపు మెడకు తగిలీ తగలకముందే ఒక కొత్త చుట్టాన్ని సంపాదించుకొని పోయేవాడు.

ఒకసారి ఊరికి కొత్తగా వచ్చిన ఎస్.ఐ. ప్యాంటు వదులు చేయించుకోవడానికి వచ్చాడు. తొందరలో ఉన్నాడు. బల్ల మీద వేళ్ళతో తడుతున్నాడు. దావీదురాజు ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"సార్, ఈ ముఖం యాడో చూసినట్టుండాది."

"నేనొచ్చి వారం కూడా కాలేదు."

"మీది గాదు సార్. రాయచోటి బస్టాండులో కళింగరకాయలు అమ్మే ఆయప్ప ఉండాడు. అచ్చు గుద్దినట్టు మీరే. అదే నొసలు, అదే మీసం. ఆయప్ప గూడా కాయను ఇట్నే తట్టి చూస్తాడు."

పుచ్చకాయలమ్మేవాడితో పోల్చేసరికి ఎస్.ఐ. మొహం ఎర్రబడింది. నేను బల్ల కిందినుంచి దావీదురాజు తొడ గిల్లాను. ఆయన నావైపు తిరిగి, "గిల్లుతావేం సారూ? ఇప్పుడు చూడు, కాయ కోసినాక లోపల ఉండే రంగు గూడా వచ్చె!" అన్నాడు. ఎస్.ఐ. ప్యాంటు అక్కడే వదిలేసి జీపెక్కాడు. తర్వాత కానిస్టేబుల్ వచ్చి తీసుకుపోయాడు. దావీదురాజు కానిస్టేబుల్లో ఎవర్ని చూశాడో నేను వినలేదు. చెవులు మూసుకున్నాను.

బజారులో ఎదురెదురుగా రెండు బట్టల అంగళ్ళుండేవి. ఒకటి నాగసుబ్బయ్య శెట్టిది, ఇంకోటి రాఘవేంద్రప్రసాద్‌ది. మధ్యలో ఉన్న మురుగుకాలువ ఎవరు తీయించాలన్న విషయంలో వాళ్ళిద్దరికీ మాటల్లేవు. దావీదురాజు మొదటాయన దగ్గరకు పోయి, "శెట్టీ, నువ్వూ ప్రసాదూ ఒకే తానులో కత్తిరించిన రెండు ముక్కల మాదిరి ఉండారు" అన్నాడు. రెండో ఆయన దగ్గరకు పోయి అదే మాట తిరగేసి చెప్పాడు. ఆ సాయంత్రం, ఎన్నో ఏళ్ళ తర్వాత, ఆ ఇద్దరు వ్యాపారులూ ఒక విషయంలో ఏకమయ్యారు: దావీదురాజుకు కుట్టుపని ఇవ్వకూడదని.

"నోరు కట్టుకోవచ్చు గదా" అన్నాను.

"ఉన్న మాట అంటే తప్పేముందప్పా? శత్రువులని వాళ్ళనుకుంటాండారు. ముక్కులు మాత్రం అన్నాదమ్ములంటాండాయి."

ఆయన భార్య సువార్తమ్మ లోపలినుంచి కాజాలు కుడుతూ అందుకునేది. "పెండ్లిచూపుల నాడు నన్ను చూసి ఏమన్యాడో అడుగు సారూ. పక్కన మా నాయన కూచోనుంటే, 'పిల్లకు మామది మీసమొక్కటే తక్కువ' అన్యాడు."

"మరి ఎందుకు చేసుకున్నావమ్మా?"

"ఇంకెవుడన్నా నన్ను అంతసేపు చూస్తే గదా!"

ఇది రెండువేల ఆరు, ఏడు నాటి మాట. అప్పుడే మా సంఘానికి కొత్త పాస్టరుగారు వచ్చారు. చిన్నవాడు, గట్టి గొంతు. ఒక ఆదివారం కడప నుంచి సంఘాలు నడిపే హాస్టల్లో ఉండే పిల్లల్ని కొందరిని పాటలు పాడటానికి పిలిపించాడు. పాటలయ్యాక పిల్లలు బయట అన్నానికి కూచుంటే, లోపల ఆయన వాక్యం చెప్పాడు. "దిక్కులేని పిల్లలకు అన్నం పెడతాండాం. బట్టలిస్తాండాం. బడికి పంపుతాండాం. ఒక్క ఇల్లు మాత్రం ఇయ్యలేకపోతాండాం. హాస్టలుకు ఇంకో గది కట్టిస్తామని నా దగ్గరికి రాకండి. మీ ఇంట్లో ఒక గది ఉందేమో చూడండి."

ఆమెన్ అన్న కేకకు రేకుల కప్పు మీది పావురాలు లేచిపోయాయి. ఆరాధన ముగిసింది. "ఎవరైనా ముందుకొస్తే మాట్లాడదాం" అని పాస్టరుగారు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆ రోజు మా సంఘంలో అందరికీ ఒకేసారి చెప్పులు కనపడకుండా పోయాయి. తలలు వంచి వెతుక్కుంటూ వెతుక్కుంటూ గేటు దాటేశారు.

నిలబడిపోయింది ఏసుకుమార్, అతని భార్య కరుణ. పెళ్ళయి చాలాకాలమైనా వాళ్ళకు పిల్లల్లేరు. కరుణ చూపు వేపచెట్టు కింద కూచున్న ఒక పిల్ల మీద ఉంది. నాలుగైదేళ్ళుంటాయి. కనుబొమ్మ మీద చిన్న మచ్చ. మిగతా పిల్లలు పలావు తింటూ అల్లరి చేస్తుంటే ఈ పిల్ల ముద్ద చేతిలో పట్టుకొని ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు చుట్టూ చూస్తోంది. పేరు ఆరాధన. అమ్మానాన్న ఇద్దరూ లేరు. వెతుక్కుంటూ వచ్చిన చుట్టాలూ లేరు.

ఏసుకుమార్ తల్లి రాహేలమ్మ అడ్డం తిరిగింది. ఆమె అడ్డం తిరిగితే పాస్టరుగారు కూడా ఆగి దారిచ్చేవాడు.

"ఎవురి బిడ్డనో తెచ్చుకోని రేపు బజారులో ఎవురి పోలికని చెప్పుకోవాల? 'ఎవురిదమ్మా ఈ పిల్ల, మీ మాదిరి లేదే' అని అడిగితే నేనేం చెప్పాల?"

కరుణ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఏసుకుమార్ నేలవైపు చూశాడు. అప్పుడే వచ్చాడు మన దావీదురాజు, పలావు ఆకు చేత్తో పట్టుకొని.

"రాహేలక్కా, ఆ పిల్ల గడ్డం చూస్తివా?"

"ఆడపిల్లకు గడ్డమేందిరా, నీ నోరు పడ!"

"ఆ గడ్డం గాదక్కా, ఈ గడ్డం!" అని తన నోటి కింద తట్టి చూపించాడు. "నీ గడ్డం తీసి ఆ పిల్లకు అతికించినట్టుండాది. నువ్వు కోపంగా ఉన్యప్పుడు ముందుకు పొడుచుకోని వస్తాది చూడు, అదే."

"నేను యాడ కోపంగా ఉండానురా!" అంది రాహేలమ్మ, గడ్డం ముందుకు పొడుచుకొని వస్తుండగా.

ఆ వారమంతా రాహేలమ్మ అద్దం ముందు నిలబడిందని కరుణ చెప్పింది. ఎడమనుంచి చూసుకుంది. కుడినుంచి చూసుకుంది. కోడలిని పిలిచి, "కోపంగా ఉంటే చెప్పు, అప్పుడు చూసుకుంటా" అంది. కోడలికి ఆ విషయంలో ఎక్కువసేపు ఆగాల్సిన అవసరం రాలేదు. చివరకు తనే పాస్టరుగారి దగ్గరకు పోయి, "ఆ పిల్లను ఇంకొకతూరి చూపించండయ్యా. పెంచుకోడానికి గాదు, గడ్డం చూసేదానికి" అంది.

కడపకు పోయింది. చూసింది. పిల్ల గడ్డం పట్టుకొని పైకెత్తింది. పిల్ల భయపడి ఏడవలేదు, ఆమెనే గుచ్చి చూసింది, మూతి బిగించి. "కొంచెం ఉండాదిలే" అని రాహేలమ్మ ఇంటికొచ్చింది. ఆ తర్వాత అధికారులు ఇంటికి వచ్చి చూసిపోవడం, కోర్టు చుట్టూ తిరగడం, అన్నీ జరిగి పిల్ల ఇంటికి చేరేటప్పటికి రాహేలమ్మకు ఓపిక చచ్చిపోయింది. "నా గడ్డం నా ఇంటికి రావడానికి జడ్జీ ఏందయ్యా అడ్డం?" అని లాయరుమీద అరిచింది.

పిల్లను చంకనేసుకొని బజారంతా తిప్పింది. ఎవరడగకపోయినా గడ్డం చూపించింది. బళ్ళో ఒకనాడు ఒక పిల్లవాడు "నిన్ను తెచ్చుకున్నారంట గదా" అంటే ఆరాధన వెంటనే, "మరి మా జేజి గడ్డం నాకెట్లొచ్చె?" అంది. వాడు పంతులునైన నావైపు చూశాడు. నేను బోర్డు వైపు తిరిగాను.

దాంతో దావీదురాజుకు గిరాకీ పెరిగింది. పాస్టరుగారు వాక్యం చెప్పేవాడు, దావీదురాజు పోలిక చెప్పేవాడు. ఒకడికి తాత చెవులు, ఒకదానికి మేనత్త నడుము మీద చెయ్యి పెట్టుకొనే తీరు. చెప్పులు వెతుక్కునే వాళ్ళలో ఇంకో రెండు కుటుంబాలు గుమ్మం దగ్గర ఆగాయి.

రెండేళ్ళు పోయాక దావీదురాజు కుట్టే బట్టలు దారి తప్పడం మొదలుపెట్టాయి. నా చొక్కాకు జేబు చంక కిందికి వచ్చింది. పెన్ను పెట్టుకుంటే గిలిగింతలు. పాస్టరుగారి అంగీకి ఒక చెయ్యి మోచేతి దాకా, ఒక చెయ్యి మోకాలి దాకా వచ్చింది. ఒక పొద్దు అంగడి ముందు ఎవరో దించిన పత్తి బోరెంను, మనిషెత్తు గోనెమూటను, చూసి ఆయన, "ఏమప్పా మహానందీ, బాగుండావా? రోజురోజుకూ మీ నాయన మాదిరే అవుతాండావే" అన్నాడు.

నేను సువార్తమ్మ వైపు చూశాను. ఆమె కాజా కుట్టడం ఆపింది.

"కండ్లకు పొర సారూ. శానా నాళ్ళాయె. ఎదురుగా ఉండేది నేనో తలుపో తెల్దు ఆయప్పకు. సూదిలో దారం నేనెక్కిస్తాండా, గుడ్డ నేను కత్తిరిస్తాండా."

"శానా నాళ్ళంటే?"

"ఆ ఆరాధన పిల్ల వచ్చేనాటికే సగం పోయినాయి."

ఇలాంటి మాట అంగడిలో ఆగదు. సాయంత్రానికి రాహేలమ్మ చెవిన పడింది. "గుడ్డోడు చెప్పినాడా నా గడ్డమని!" అని ఆమె కేకేస్తే వీధి చివర కుక్కలు పక్కకు జరిగాయట. అక్కడితో ఆగితే నవ్వుకొని ఊరుకునేవాళ్ళం. మర్నాడు బళ్ళో ఆరాధన గడ్డం కింద చెయ్యి పెట్టుకొని కూచుంది. ఆ మర్నాడూ అంతే. పలక మీద రాసేటప్పుడు కూడా ఎడంచెయ్యి తీయలేదు. "పన్ను నొప్పా?" అని అడిగాను. తల అడ్డంగా ఆడించింది. గడ్డం మాత్రం చూపించలేదు.

కర్నూలులో కంటి ఆపరేషను ఏర్పాటు చేశాం. దావీదురాజు రానంటే రానన్నాడు. "నాకు కండ్లు బాగుండాయి" అని స్తంభంతో వాదించాడు. చివరకు సువార్తమ్మా నేనూ చెరో రెక్క పట్టుకొని బస్సెక్కించాం. బస్సు బనగానపల్లె దాటింది. పక్క సీట్లో మామిడిపండ్ల గంప పెట్టుకున్న ఆమెను కూడా దావీదురాజు ఎవరితోనూ పోల్చలేదు. నాకు భయమేసింది.

"ఏమైంది?"

"సారూ, పొర తీసినాక చూస్తే, ఆ పిల్లకు రాహేలక్క పోలిక లేకపోతే?"

"అంటే అప్పుడు నీకు కనపడనే లేదా?"

"మచ్చ గూడా కనపడలే. తెల్లగౌనులో ఏదో కూచోనుండాదని తెలిసె, అంతే." ఒళ్ళోని సంచి సర్దుకున్నాడు. "నేను మిషను హాస్టల్లో పెరిగినా సారూ. అమ్మెవురో నాయనెవురో తెల్దు. ఆదివారం మిగతా పిల్లోళ్ళకు అమ్మలొచ్చి, 'మా నాయన కండ్లే, మా అత్త ముక్కే' అని బుగ్గలు పిండేటోళ్ళు. నా ముక్కు నాదే. ఒకనాడు నేను తుమ్మితే వంట చేసే గంగక్క, 'అబ్బా, అచ్చం పెద్ద పాస్టరుగారి తుమ్మే!' అనింది."

"తర్వాత?"

"తర్వాతేముంది? వారం దినాలు నెత్తిన నీళ్ళు పోసుకోని ఎండలో తిరిగినా, జలుబు పడితే ఇంకొకతూరి తుమ్మచ్చని. రాలే. అప్పుడు వాచ్‌మెన్ నస్యం దొంగిలించినా. ఆ దినం నేను తుమ్మిన తుమ్ములకు పెద్ద పాస్టరుగారు స్వయంగా వచ్చి నా నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసిపాయె." ఆయన కిటికీ వైపు తిరిగాడు. "ఎవురో ఒకరి మాదిరి ఉంటే బాగుంటాది సారూ. చెప్పేదానికి మనకేం ఖర్చు?"

ఎస్.ఐ., శెట్టి, ప్రసాదు, అందరూ నా కళ్ళముందు తిరిగారు. ఊరందరికీ చుట్టాలను పంచుతూ ఎన్ని తిట్లు తిన్నాడో లెక్కలేదు. సువార్తమ్మ మాత్రం, "నస్యం సంగతి నాకెప్పుడూ చెప్పలే" అని ఆయన వీపున ఒక్కటిచ్చింది.

ఆపరేషను బాగానే జరిగింది. నల్లద్దాలు తీసెయ్యవచ్చని డాక్టరు చెప్పిన రోజున అంగడి ముందు సగం సంఘం చేరింది. రాహేలమ్మ ఆరాధన చెయ్యి పట్టుకొని జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఆమె మొహంలో కోపం లేదు, బెదురు ఉంది. అది నేనెప్పుడూ చూడలేదు. పిల్ల చెయ్యి గడ్డం కిందే ఉంది.

"ఇప్పుడు చూసి చెప్పు" అంది రాహేలమ్మ.

దావీదురాజు అద్దాలు తీశాడు. వంగి, పిల్ల చేతిని మెల్లగా తప్పించి చూశాడు. లేచి రాహేలమ్మను చూశాడు. మళ్ళీ పిల్లను చూశాడు.

"నేను తప్పు చెప్పినానక్కా" అన్నాడు.

కరుణ కళ్ళు మూసుకుంది. పిల్ల చెయ్యి మళ్ళీ గడ్డం కిందికి పోయింది.

"ఈ పిల్లకు నీ పోలిక లేదు. నీకే ఈ పిల్ల పోలిక వచ్చింది! ముందు నీ ముఖం ఇట్లుండెనా? బజారు మొత్తం సాక్ష్యం. ఈ నవ్వు, ఈ బుగ్గలు, యాడివి నీకు? అంతా ఈ పిల్లదే. దీన్ని చూసి చూసి నువ్వే మారిపోతివి."

రాహేలమ్మ నోరు తెరిచింది. ఊరు ఊరంతా తిట్టు కోసం ఎదురుచూసింది. "నాకు... ఈ పిల్ల పోలికంటనా?" అంది. తర్వాత సిగ్గుపడింది. నిజంగానే సిగ్గుపడింది, పెండ్లికూతురిలా తల వంచుకొని.

ఆరాధన ఆమెను కిందినుంచి పైకి పరీక్షగా చూసి, "అవును జేజీ, కొంచెం ఉండాదిలే" అంది. అని, "రా, ఇంటికి పోదాం, ఆకలైతాంది" అని చెయ్యి పట్టి లాగింది.

జనం నవ్వుకుంటూ కదిలారు. ఆ ఇద్దరూ వీధిలో నడిచిపోతున్నారు. రాహేలమ్మకు మోకాళ్ళ నొప్పి, ఒక పక్కకు ఒరిగి నడుస్తోంది. దావీదురాజు కొత్త కళ్ళతో వాళ్ళనే చూస్తూ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"సారూ, ఆ నడక చూడు."

చూశాను. జేజి అడుగుతో అడుగు కలపడానికి ఆరాధన కూడా అదే పక్కకు ఒరుగుతూ, అంతే తీరుగా ఊగుతూ పోతోంది. ఇన్నేళ్ళలో ఆయన చెప్పిన పోలికల్లో నాకు కనపడిన మొదటి పోలిక అదే.