గులాబీ రంగుకి తిరిగిన నీళ్ళు

పెళ్ళయ్యాక వచ్చిన మొదటి వానాకాలంలో మా మామగారు నాతో నోరు విప్పి మాట్లాడారు. అందుకు నేను యూరియాకి రుణపడి ఉన్నాను.

మాది ప్రేమ పెళ్ళి. నాది గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లోని ఊరు. మా ఆవిడ తెల్లాపూర్ శివారులో ఇంకా వరి పండిస్తున్న కొద్దిమంది రైతుల్లో ఒకరి కూతురు. హైటెక్ సిటీలో ఒకే ఆఫీసు, ఒకే క్యాబ్, అలా మొదలైంది. మామగారు పెళ్ళికి ఒప్పుకున్నారు గానీ నన్నింకా ఒప్పుకోలేదు. ఇంటికి వెళితే "మంచిదేనా?" అని కుశలం అడిగేవారు. నేను జవాబు చెప్పేలోపు చెప్పులేసుకుని పొలానికి వెళ్ళిపోయేవారు.

ఆవిడకి పుట్టిల్లు కనబడుతూ ఉండాలని అక్కడే ఒక గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాట్ కిరాయికి తీసుకున్నాం. మా ప్రహరీ వెనక ఒక కుంట. కుంటకి అవతలి ఒడ్డున మామగారి మడులు. బాల్కనీలో నిలబడి కాఫీ తాగుతుంటే ఆయన తలపాగా కనిపించేది. నేను చెయ్యి ఊపేవాణ్ణి. ఆయన ఊపేవారు కాదు.

ఆ ఏడు వానలు మొదలయ్యాక కుంట మీద ఎవరో ఆకుపచ్చ రంగు డబ్బా ఒలకబోసినట్టు నాచు పరుచుకుంది. వాసన మా అంతస్తు దాకా వచ్చింది. చేపలు గాలి కోసం నోళ్ళు తెరుచుకుని పైకి తేలాయి. మా కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో తప్పంతా రైతులదన్నారు, ఎరువులు గుమ్మరిస్తున్నారట. ఊళ్ళో తప్పంతా అపార్ట్‌మెంట్లదన్నారు. మా ఆవిడ పొద్దున గ్రూపులో ఊరి తరఫున పోట్లాడి, సాయంత్రం పుట్టింటికి వెళ్ళి అపార్ట్‌మెంటు తరఫున పోట్లాడేది.

నాకు అక్వేరియం పిచ్చి ఉంది. నీళ్ళలో నైట్రేటు ఉందో లేదో చూసే కాగితపు పట్టీలు ఎప్పుడూ ఇంట్లో ఉంటాయి. ముంచితే, నైట్రేటు ఉంటే పట్టీ గులాబీ రంగుకి తిరుగుతుంది. ఒక ఆదివారం వాన పడుతుండగా గొడుగేసుకుని మామగారి మడి నుంచి నీళ్ళు కుంటలోకి దిగే చోట కూర్చున్నాను.

"ఏం జేస్తున్నవయ్యా ఈడ?" వెనకే మామగారి గొంతు.

"నీళ్ళు పరీక్ష చేస్తున్నానండీ."

నా చేతిలో పట్టీ చూస్తుండగానే గులాబీ అయింది. పొలానికి వేసిన యూరియానే నేలలో నైట్రేటుగా మారి నీళ్ళలోకి వస్తుందని చెప్పాను. ఆయన మొహం గంటు పెట్టుకుని నా చేతిలోని పట్టీల డబ్బా లాక్కున్నారు.

"పా. మీ అపార్ట్‌మెంటు మోరి కాడికి పోదాం."

ఒక్క గొడుగు కింద ఇద్దరం బురదలో జారుతూ, పడబోతూ, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని కుంట చుట్టూ తిరిగి వెళ్ళాం. మా లాన్ల మీది వాన నీరు వచ్చి పడే మోరీలో ఆయనే పట్టీ ముంచారు. అదీ గులాబీయే. ఏది ముదురో తేల్చడానికి రెండు పట్టీలూ పక్కపక్కన పెట్టి చూశాం, తేలలేదు.

"మీరు గడ్డికి గూడ యూరియా తినబెడ్తున్రా!" అని మామగారు నవ్వడం మొదలుపెట్టారు. "గడ్డికి! కోసి పారేసే గడ్డికి!"

నవ్వు ఆగలేదు. గొడుగు గాలికి ఎగిరి కుంటలో పడింది. ఇద్దరం తడుస్తూ దాన్ని చూసి ఇంకా నవ్వాం.

మొక్క తినగా మిగిలిన ఎరువు వానకి కొట్టుకొచ్చి కుంటలో నాచుకి తిండి అవుతుంది. నాచు చచ్చి కుళ్ళితే చేపలకి ఊపిరాడదు. ఇది నేను చెబుతుంటే ఆయన, "కుంట నిండితే వాగుల వడ్తది. వాగు పోయి మంజీరల గలుస్తది. ఆడికెల్లి గోదారే," అన్నారు.

"అంటే మీ యూరియా మా ఊరి సముద్రం దాకా వస్తుందండీ!"

"మరి పిల్లనిచ్చుకున్నం గదా. సారె అనుకో!"

ఆ రోజు నుంచి మామగారికి పట్టీల పిచ్చి పట్టింది. బోరు నీళ్ళలో ముంచారు. పక్కవాళ్ళ మడిలో ముంచారు. అత్తగారు పెట్టిన చారులో ముంచి తిట్లు తిన్నారు. కల్లులో ముంచి, రంగు రాలేదని సంతోషించి, ఆ కల్లు తాగేశారు. నేను పట్టీల డబ్బాలు తెప్పిస్తూనే ఉన్నాను.

ఆ ఊపులో మా ఆవిడ వ్యవసాయాధికారి దగ్గర్నుంచి ఒక కార్డు తెచ్చింది. దాని మీద లేత పచ్చ నుంచి ముదురు పచ్చ దాకా రంగులుంటాయి. వరి ఆకు పక్కన పెట్టి చూసి, ఆకు పాలిపోయి కనబడితేనే యూరియా వెయ్యాలి. వాన వచ్చేలా ఉంటే అసలే వెయ్యకూడదు.

"నా వరి రంగు నాకు తెల్వదా?" మామగారికి కోపం వచ్చింది.

"తెలుసు నాయినా. కానీ మబ్బు వట్టంగనే బస్తా ఎత్తుతవు. ఆగుతవా జర?"

చివరికి సగం పొలం కార్డు ప్రకారం, సగం ఆయన ప్రకారం అని ఒప్పందం కుదిరింది. మా కమ్యూనిటీ గ్రూపులో కూడా రెండు పట్టీల ఫోటో పెట్టి చెప్పాను. బోలెడంత గొడవ జరిగాక, వానలు పోయేదాకా లాన్‌కి ఎరువు బంద్ అన్నారు. నీళ్ళు కుంటలోకి దిగే చోటల్లా వట్టివేళ్ళ గడ్డి నాటితే, దాని లోతైన వేళ్ళు ఎరువుని చాలావరకు పీల్చుకుంటాయని అధికారి చెప్పాడట. ఒక సెలవు రోజు నాటుదామనుకున్నాం.

నలుగురైనా వస్తారా అనుకుంటే గేటు బయట గుంపు! ఆఫీసు టీషర్టులు, కొత్త గంబూట్లు, ఒకాయన ఈత కళ్ళద్దాలతో. చినుకులు పడుతున్నాయి. మామగారు గట్టెక్కి పెళ్ళి పెద్దలా అరుస్తున్నారు.

"ఓ సారూ, అట్ల గాదు! వేరు కిందికి, గడ్డి మీదికి!"

ఆ సారు మా కమ్యూనిటీలోనే ఉండే మా ఆఫీసు మేనేజరు. తలకిందులుగా నాటుతున్నాడు. లేవబోయి జారి నడుం దాకా కుంటలోకి దిగాడు. అతన్ని లాగబోయి నేను, నన్ను లాగబోయి మా ఆవిడ. ఒకసారి పడ్డాక ఇక బురదంటే భయం దేనికి? ఆవిడ నా మొహానికేసి ఒక ముద్ద విసిరింది. నేను తప్పుకుంటే వెనకున్న మామగారి తలపాగాకి తగిలింది. అందరూ బిగుసుకుపోయారు. ఆయన నెమ్మదిగా వంగి, బురద తీసి, గురి చూసి కూతురికి విసిరారు. ఇక ఎవరినీ ఆపడం ఎవరి వల్లా కాలేదు. అత్తగారు మక్క గారెలు తెచ్చేసరికి ఎవరు ఏ ఫ్లాటో గుర్తుపట్టే వీల్లేదు. చేతులు సరిగ్గా కడుక్కోకుండానే తిన్నాం.

కోతలయ్యాక చూస్తే పొలం రెండు సగాల్లోనూ పంట ఒకేలా వచ్చింది. కార్డు వైపు యూరియా తక్కువ పట్టింది. తర్వాతి యాసంగి పంట నుంచి మామగారు పొలమంతా కార్డుకే అప్పగించారు. కార్డు జేబులోంచి తీసేటప్పుడు మాత్రం అటూ ఇటూ చూసుకుంటారు.

మరుసటి వానాకాలానికి గడ్డి నడుమెత్తు పెరిగింది. కుంట అద్దంలా అయిపోలేదు. పైనున్న పొలాల నుంచి ఎరువు ఇంకా వస్తూనే ఉంది, ఒక మూల నాచు అలాగే ఉంది. కానీ వాసన పోయింది, చేపలు తేలలేదు. మా మోరీ దగ్గర నీళ్ళలోకి చూస్తే అడుగున గులకరాళ్ళు కనబడ్డాయి. మా ఆవిడ వాటిని చూసి చప్పట్లు కొట్టింది.

ఈ మాట ఎలా పాకిందో, నార్సింగిలో ఉండే ఒక సహోద్యోగి వాళ్ళ చెరువు కోసం గడ్డి పిలకలు అడిగాడు. మా చిన్న కారు నిండా కుక్కాం. మామగారు ముందు సీట్లో, ఒళ్ళో ఒక మోపు. మా ఆవిడ వెనక గడ్డిలో ఎక్కడో ఉంది, నవ్వు మాత్రం వినబడుతోంది. కిటికీల్లోంచి గడ్డి బయటికి ఊగుతుంటే అద్దాల బిల్డింగుల మధ్య నుంచి వెళ్ళాం. సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ కారులోకి వంగి చూశాడు.

"ఏంది పెద్దమనిషి, గడ్డి యాడికి?"

"నార్సింగికి," అన్నారు మామగారు, సీట్లో నిటారుగా కూర్చుని. "ఆడ చెరువుకు పాణం బాలేదంట. జర జల్దీ వదులు సారూ."

కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక, ఎర్ర లైటు ఉండగానే చెయ్యి ఊపి మమ్మల్ని పంపేశాడు.