అప్పలరాజు బాబాయ్ వదిలిన చేపలు

మొన్న ఆదివారం సంతలో చేపల గంపలు దాటుతుంటే కిర్రుమని ఒక చప్పుడు వినిపించింది. తుప్పు పట్టిన తలుపు తీసినట్టు ఉంది. మిగతా చేపలతో కలిసి వలలో పడి వచ్చిన దెయ్యం చేప అని తిరిగి చూడకుండానే తెలిసింది. నీళ్లలోంచి బయటికి తీస్తే అది రెక్క ముల్లు బిగించి అలా అరుస్తుందని నాకు చెప్పింది అప్పలరాజు బాబాయే. ఆయన పోయాక ఆ చప్పుడు విన్నప్పుడల్లా వెనక్కి వెళ్లి గంపలోకి వంగి చూస్తాను.

విజయనగరం వైపు నుంచి రాష్ట్రం దాటి వచ్చి జగదల్‌పూర్‌లో రంగుచేపల దుకాణం పెట్టుకున్న మనిషి ఆయన. నేను కిష్టారం దగ్గరి ఊరి నుంచి పని వెతుక్కుంటూ వచ్చాను. దుకాణంలో తెలుగు వినబడగానే ప్రాణం లేచొచ్చింది. అక్కడే పనికి కుదిరి, ఆయన్ని బాబాయ్ అని పిలవడం మొదలుపెట్టాను. నా ‘ఏంది’కి ఆయన నవ్వేవారు, ఆయన ‘ఏటి’కి నేను నవ్వేదాన్ని. చచ్చేలా ఉన్న చేపను కూడా విడిగా గిన్నెలో పెట్టి, కోలుకునే దాకా చూసుకునేవారు. ఆ ఓపిక నాకు ఆయన దగ్గరే అబ్బింది.

నగర్‌నార్ ఉక్కు ఫ్యాక్టరీ క్వార్టర్ల నుంచి వచ్చేవాళ్లు దెయ్యం చేప పిల్లల్ని ఇష్టంగా కొనేవాళ్లు. అద్దానికి నోరు అతికించుకుని పాచి గీకి తింటుంది, తొట్టి శుభ్రంగా ఉంటుందని. చిటికెన వేలంత పిల్ల ఒళ్లంతా గట్టి పలకలతో మూరెడు పెరిగాక భయపడి తిరిగి తెచ్చేవాళ్లు. “చంపెయ్యండి” అనేవాళ్లు. బాబాయ్‌కి చేతులొచ్చేవి కావు. సాయంత్రం బకెట్లో తీసుకెళ్లి ఇంద్రావతి నదిలో వదిలేవారు.

“ఎక్కడో దక్షిణ అమెరికా ఏటిలో తిరగాల్సింది. మన అద్దాల్లో ఇరుక్కుంది. బతకనీ అమ్మా” అనేవారు.

ఒక ఎండాకాలం సుక్‌దయీ బాయి వచ్చింది. నదిలో వల వేసి బతికే మనిషి. చిరిగిన వలను, ఒక గోనెసంచిని గుమ్మంలో పడేసింది. సంచిలో అవే చేపలు. పొద్దున పట్టినవి, ఇంకా కదులుతున్నాయి. గాలి మింగి కడుపుతోనే ఊపిరి తీసుకోగలవు అవి.

“సేఠ్, నీ దగ్గరుండేవి ఇవేగా? వల నిండా ఇవే. ముళ్లు తగులుకుని వల చిరుగుతోంది. వీటిని తినేవాళ్లు లేరు. మా నదిలోకి ఎలా వచ్చాయి?” అని అక్కడివాళ్ల భాష హల్బీలో అడిగింది.

“నేనే వదిలాను” అన్నారు బాబాయ్.

“ఎందుకు?”

“జాలేసి.”

ఆమె తిట్టలేదు. “రేపొచ్చి గట్టు చూడు” అని చిరిగిన వలను భుజాన వేసుకుంది.

మర్నాడు ముగ్గురం నదికి వెళ్లాం. నీళ్లు తగ్గిన చోట గట్టంతా ఆ చేపలు తవ్విన బొరియలు. బాబాయ్ పారతో ఒకటి తవ్వారు. లోపల పసుపుపచ్చ గుడ్ల ముద్ద, దాని మీద ఒక చేప. మీద మన్ను పడుతున్నా కదల్లేదు.

“మగది. ఆడది గుడ్లు పెట్టి పోతాది. కాపలా ఇదే కాస్తాది” అన్నారు. పార ఆగిపోయింది. నా వైపు తిరిగారు. “ఏటి చెయ్యాలమ్మా?”

అంతవరకూ ఆయన నన్ను ఏదీ అడిగి ఎరగరు. “నాకు తెల్వదు బాబాయ్” అన్నాను.

చివరికి ఆయనే చెయ్యి పెట్టి గుడ్లు తీసి, ఎండిన ఇసుకలో వేశారు. తర్వాత చేతులు కడుక్కోవడం కూడా మరిచి అక్కడే కూర్చున్నారు. సుక్‌దయీ బాయి ఆయన పక్కన కూర్చుని బీడీ అందించింది.

ఆ తర్వాత ప్రతి ఎండాకాలం బొరియలు తవ్వి గుడ్లు తీయడానికి ఆమెతో గట్టుకు వెళ్లేవారు. జనం తిరిగి తెచ్చిన చేపల్ని మాత్రం దుకాణం వెనక సిమెంటు తొట్టిలో పెంచేవారు. “ఇక్కడ మేపుతున్నాను, అక్కడ తవ్వుతున్నాను. నేను మంచోడినా, కానోడినా?” అని ఒకసారి అడిగారు. నవ్వుతారనుకుని చూశాను. నవ్వలేదు.

ఇప్పుడు దుకాణం నాది. ఆ చేపను అమ్మను. ఎక్కడో కొన్నవాళ్లు తెచ్చిస్తే కాదనలేక తొట్టిలో వేసుకుంటాను. ఎండాకాలం గట్టుకు వెళ్తాను. బొరియలో చెయ్యి పెడితే మగచేప నా వేళ్లను తోసుకుంటూ గుడ్ల మీదికి జరుగుతుంది. అక్కడ నా చెయ్యి ఆగిపోతుంది. సుక్‌దయీ బాయి తొందరపెట్టదు. ఆయన చెయ్యి కూడా అక్కడే ఆగి, ఆ తర్వాతే గుడ్లు తీసేదని ఆమెకు తెలుసు.