బస్టాపులో అడిగిన మాట

ఊళ్లో నా కోళ్ల ఫారం అప్పుల్లో మునిగింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలు జోరుగా వెలుస్తున్న రోజులవి. అలాంటి కంపెనీ పెట్టి జూబ్లీహిల్స్‌లో ఇల్లు కట్టిన చిన్ననాటి స్నేహితుణ్ణి సాయం అడిగితే కుదరదన్నాడు. కృష్ణానగర్ బస్టాపులో కూర్చుని నా భార్యకు ఫోన్ చేశాను.

"పని అయింది, ఫికర్ చెయ్యకు."

పక్కనున్న పెద్దామె నా వైపు తిరిగింది. "పని కాలేదు గదా, తమ్మీ?"

ఏడుపొచ్చింది. అంతా చెప్పాను.

"అప్పులైన రైతులతోని మాట్లాడుడే నా పని. ముందు ఇంట్ల నిజం చెప్పు. ఇద్దరు గలిసి బ్యాంకుకు పోయి గడువు అడుగుండ్రి" అంది. ఎర్రగడ్డ బస్సు రాగానే నా భుజం తట్టి ఎక్కేసింది.

అలాగే చేశాం. గడువు దొరికింది, ఫారం నిలబడింది.

అంతకుముందే పత్తి అప్పులతో ప్రాణం తీసుకున్న మా అన్నకు అలా అడిగే మనిషి ఎదురుకాలేదు. ఒకే ఇంట్లో ఉన్న మాకూ అడగాలని తోచలేదు.