మడతలో దాగిన ఒకటి

గార్గికి నలభై ఏడేళ్ళు. భర్త సుధన్వ పోయి ఆరేళ్ళయింది. పిల్లలు లేరు. చిక్కబళ్ళాపురలో హనుమక్క ఇంటి మేడమీద ఒక గది, చిన్న వంటిల్లు ఆమెకు చాలిపోయేవి. ఒకప్పుడు బాగేపల్లి తాలూకా కచేరీలో పాత పహణీలు, అంటే పొలాల లెక్కల కాగితాలు, చదివి కంప్యూటర్‌లోకి ఎక్కించేది. వానకు తడిసినా, చెదలు తిన్నా, ఆ రాత ఆమె కంటికి లొంగేది. ఆ పని ముగిశాక బెంగళూరు కంపెనీ ఒకటి ఇంట్లోనే చేసుకునే పని ఇచ్చింది. అమెరికాలో ఒక గ్రంథాలయం దాచిన నూట యాభై ఏళ్ళ నాటి ఉత్తరాల ఫొటోలు చూసి, ఉన్నదున్నట్టు టైపు చేయాలి.

అక్కడి మైదానాల్లో షయెన్ జాతివాళ్ళు అడవిదున్నల వెంట తిరుగుతూ బతికేవాళ్ళు. ఆ నేల దున్నుకుందామని ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలు బళ్ళు కట్టుకుని వచ్చాయి. పోట్లాటలు మొదలయ్యాయి. వచ్చినవాళ్ళకు అండగా గుర్రపు దళాలు దిగాయి. నీళ్ళకు వెళ్ళిన కొడుకు బాణం తగిలి చనిపోయాడని ఒక తల్లి రాసింది టైపు చేసిన రోజు గార్గికి అన్నం దిగలేదు. షయెన్‌లు రాసిన ఉత్తరం మాత్రం ఒక్కటీ రాలేదు. వాళ్ళ సంగతి ఎప్పుడూ ఇంకొకరి రాతలోనే.

మార్గశిరంలో ఒక సిపాయి ఉత్తరం వచ్చింది. చెల్లెలికి రాసుకున్నాడు. తెల్లవారుతుండగా వాగు ఒడ్డున షయెన్ గుడారాల మీద పడ్డారట. మగవాళ్ళు వేటకు వెళ్ళి ఉన్నారు. ‘కాల్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. తర్వాత లెక్కపెట్టమన్నారు. ఆడవాళ్ళు, పిల్లలు కలిసి 19 మంది. అమ్మకు చెప్పకు.’

గార్గి టైపు చేసిన పంతొమ్మిదిని ప్రతిమ తొమ్మిదిగా మార్చింది. ప్రతిమ సొంతూరు చింతామణి, బెంగళూరు కంపెనీలో కూర్చుని గార్గి పనిని సరిచూస్తుంది. గార్గి ఫోన్ చేసింది.

“ఒకటి యాడుండాది మేడమ్? నాకు కనపడలేదే.”

“మడతలో ఉండాది ప్రతిమా. పహణీల్లో ఇట్లాంటివి ఎన్ని చూసిండానో!”

“అది కాగితం మడత గీత మేడమ్. ఇంకా శానా ఉత్తరాలుండాయి, వదిలేయండి.”

గార్గికి వదలబుద్ధి కాలేదు. ఆ సిపాయివే ఇంకో పదకొండు ఉత్తరాలు తీసి, వాటి ఫొటోల్లో 1 అంకె ఉన్నచోటల్లా తెరమీదే కత్తిరించి పక్కపక్కన పెట్టింది. ప్రతిదానికీ అడుగున ఎడమవైపు చిన్న వంపు. మడత గీత కిందా అదే వంపు. సుధన్వ ఉంటే కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఏదీ చూపించు అనేవాడు. మూడు రోజులు గార్గికి అదే పని. అన్నీ ఒక పేజీలో పేర్చి ప్రతిమకు పంపింది.

పన్నెండు రోజులకు ప్రతిమ ఫోన్ చేసింది. “మీరు చెప్పిందే నిజం మేడమ్! ఆ లైబ్రరీవాళ్ళు అసలు కాగితం తీసి, లైటు పెట్టి చూసినారంట. పంతొమ్మిదే!”

గార్గి నవ్వింది. ఫోన్ పెట్టేశాక ఆ నవ్వు నిలవలేదు. గదిలో ఉండలేక కిందికి దిగింది. హనుమక్క ఎండలో కూర్చుని అనపకాయలు ఒలిచి గింజలు తీస్తోంది. గార్గి పక్కన కూలబడి అంతా చెప్పింది.

“యాడో అమెరికా అంటాండావు. వాళ్ళు నీకేమైతారమ్మా?”

“ఏమీ కారు.”

హనుమక్క చేతులు ఆగిపోయాయి. “అయితే నువ్వు కండ్లు పోగొట్టుకుని చూస్తే, ఇంకా పదిమంది పోయినట్టు తేలిందా?”

“ఊఁ. ఇంకో పదిమంది.”

అప్పుడు గార్గికి ఏడుపొచ్చింది. హనుమక్క కాయల్లో సగం ఆమె ముందుకు జరిపింది. ఎండ గోడెక్కేదాకా ఇద్దరూ ఒలిచారు.

మర్నాడు గార్గి, ఆ చెల్లెలు జవాబేమైనా రాసిందేమోనని మిగిలిన ఫొటోలన్నీ తిరగేసింది. ఎక్కడా లేదు. తర్వాతి ఉత్తరం తెరిచింది. ఎవరో వర్తకుడు పిండి బస్తాల కోసం రాసింది. టైపు చేయడం మొదలుపెట్టింది.