పేర్ల నడుమ కత్తెర పెట్టొద్దు

ఎవరైనా ఇంటికొచ్చి శుభలేఖ చేతిలో పెడితే, పేర్లు చదవకముందే నా వేళ్లు ఆ కాగితం మందాన్ని తడిమి చూస్తాయి. మొన్న సుబేదారిలోని మా ఇంటికి మా కళాశాల అధ్యాపకులొకరు కూతురి పెళ్లి పిలుపుతో వచ్చినప్పుడూ అదే జరిగింది. దళసరి కాగితం, పసుపు రాసిన మూలలు, కొత్త సిరా వాసన. నా మనసులో ఆ వాసనకు ఎప్పుడూ మరొకటి తోడవుతుంది. అది వాడిన ఇంజన్ ఆయిల్ వాసన.

మా బాపు ఎనుమాముల మిర్చి మార్కెట్‌కు పోయే తోవ పక్కన, రేకుల షెడ్డులో ట్రాక్టర్లూ మోటారు సైకిళ్లూ బాగుచేసేవాడు. షెడ్డు వెనక గదే మా ఇల్లు. ఇంజన్‌లో రెండు ఇనుప భాగాలు కలిసేచోట నూనె కారకుండా నడుమ పెట్టే పలుచటి పొరను గ్యాస్కెట్ అంటారని డిగ్రీ చదివే రోజుల్లోగానీ నాకు తెలియలేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన తొలి మనిషిని నేనే. మాకది ప్యాకింగ్. కొనుక్కొచ్చిన షీటు పెద్ద ఇంజన్లకే సరిపోయేది కనుక, చిన్న మూతలకు ఊళ్లోవాళ్లు ఇచ్చిపోయిన పాత పెళ్లికార్డులనే వాడేవాళ్లం.

ఆ ప్యాకింగులు కోసే పని మా సరోజక్కది. ఎండాకాలం మొదలై, మిర్చి బండ్లు రోడ్డు పొడుగునా బారులు తీరి, వచ్చేపోయేవాళ్లందరూ తుమ్ముతూ కళ్లు తుడుచుకుంటున్న వేళల్లో, అక్క గడప మీద కూర్చుని, నూనె మూతపై కార్డును పరిచి, మసి అంటిన బొటనవేలితో అంచుల వెంట రాసేది. మూత ఆకారం నల్లటి గీతగా కాగితం మీదికి తేలి వచ్చేది. బోల్టు పట్టేచోట బేరింగు గోలీ పెట్టి సుత్తితో మెల్లగా కొడితే గుండ్రటి ముక్క ఊడి పడేది. ఆ ముక్కలు నావి. ఉమ్ము తడిచేసి నుదుట బొట్టుగా అంటించుకుని, మేము అవ్వ అని పిలిచే అమ్మ పోసిచ్చిన అంబలి తాగుతూ షెడ్డంతా తిరిగేదాన్ని.

కోసే ముందు అక్క రెండు పనులు తప్పక చేసేది. కార్డు మీది గణపతి బొమ్మను చింపి దేవుని గూట్లో పెట్టేది. ఆ తర్వాత, పెళ్లికొడుకు పేరూ పెళ్లికూతురు పేరూ విడిపోకుండా కార్డును అటూ ఇటూ తిప్పి సరిచూసుకునేది. పేర్ల నడుమ కత్తెర పెట్టొద్దని ఆమెకెవరు చెప్పారో తెలియదు. ఆలస్యమవుతోందని బాపు విసుక్కునేవాడు. "ఆళ్ల లగ్గమై పిల్లలు బడికి గూడ పోతాండ్రు, ఇంకేం జూత్తవే?" అనేవాడు. అక్క వినిపించుకునేది కాదు.

మా మేనత్త కొడుకు రాజేందర్ బావ రఘునాథపల్లి నుంచి మోటారు సైకిల్ మీద వచ్చేవాడు. బతుకమ్మ నాళ్లలో తంగేడు పూలు కట్టకట్టి తెచ్చేవాడు. చివరి రోజైన సద్దుల నాడు అవ్వ రొట్టె, బెల్లం కలిపి మలీద ముద్దలు చేసిపెడితే సిగ్గుపడకుండా మళ్లీ అడిగి తినేవాడు. ఏ నెలలో వచ్చినా ఆయన బండి కింద మాత్రం నూనె చుక్క ఉండాల్సిందే.

"మామా, మల్ల ఆయిలు కారవట్టింది."

"కారకేమైతది అల్లుడా! బోల్టు నువ్వే లూజు జేత్తివాయె."

"బండికేం రోగం లేదు బాపూ," అనేది అక్క, తల ఎత్తకుండానే. "నడిపెటోనికే ఉన్నది."

"ఎరకైనంక మందియ్యాలె గద సరోజా!"

లోపలి నుంచి అవ్వ నవ్వు వినిపించేది. అక్క ప్యాకింగ్ కోసిచ్చేది. కొన్నాళ్లకే బావ మళ్లీ నూనె కార్చుకుంటూ వచ్చేవాడు.

వాళ్లిద్దరికీ లగ్గం ఖాయమైంది. కార్డులు అచ్చయి వచ్చాయి. పంచడం మొదలుపెట్టేలోపే బావకు జ్వరం వచ్చింది; పెద్ద దవాఖానలో చేర్చినా ప్రాణం నిలవలేదు. అవ్వ ఆ కార్డుల కట్టను బియ్యం బస్తా వెనక దాచింది. అక్క కత్తెర ముట్టడం మానేసింది. బాపే తన మొరటు చేతులతో షీటునే వంకరటింకరగా కోసుకునేవాడు. ఇంట్లోకి పాత పెళ్లికార్డులను మాత్రం మళ్లీ రానివ్వలేదు.

మరుసటి మిర్చి కాలంలో, ఒక ఆదివారం సాయంత్రం, మల్లయ్య కాక అనే రైతు మిర్చి లోడుతో వచ్చి మా షెడ్డు ముందు ఆగిపోయాడు. ట్రాక్టర్ గేరుబాక్సు పక్కమూత నుంచి నూనె ధారగా కారుతోంది. ఆకాశం నల్లబడింది. ఏడాది కష్టం తడిసిపోతుందని కాక బండి చుట్టూ తిరుగుతున్నాడు. షెడ్డులో షీటు లేదు, దుకాణాలు మూసి ఉన్నాయి. బాపు మూత చేతిలో పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు.

అక్క లోపలికి వెళ్లి తన లగ్గం కార్డు తెచ్చింది.

"వద్దు బిడ్డా," అన్నాడు బాపు.

"కాయితమే గద బాపూ."

గణపతి బొమ్మను చింపి నా చేతికిచ్చింది. కార్డును విప్పి మూత మీద పరిచి, ఒకసారి తిప్పింది, మళ్లీ తిప్పింది, వెనక్కి తిప్పింది. కాక మబ్బును చూస్తున్నాడు. బాపు మాత్రం ఆ రోజు తొందరపెట్టలేదు. చివరకు వెడల్పాటి అంచు మీద రెండు పేర్లూ పక్కపక్కనే చెక్కుచెదరకుండా నిలిచేలా కుదిరాక, బొటనవేలితో రాసి, కోసి, గ్రీజు పూసి ఇచ్చింది. ట్రాక్టర్ కదిలిపోయింది. నూనె కారలేదు.

"ఆ మూత ఇంకోకాడ ఇప్పియ్యకు మల్లయ్యా," అన్నాడు బాపు, అంతే. కాకకు అర్థమైంది. తర్వాత ఎన్నో ఏళ్లు ఆ ట్రాక్టర్ మా తోవ వెంటే వచ్చిపోయింది. దాని చప్పుడు దూరం నుంచి వినిపించగానే అక్క చేస్తున్న పని ఆపి, అది మలుపు తిరిగేదాకా చూసేది. ఎన్ని సంబంధాలు వచ్చినా వద్దంది.

రోడ్డు వెడల్పులో షెడ్డు పోయింది. బాపు పోయాడు, అవ్వ పోయింది. ఇప్పుడు ఏ బండికైనా కొలతకు సరిపడే ప్యాకింగ్ ప్లాస్టిక్ సంచిలో వస్తుంది. గడప మీద కూర్చుని బొటనవేలికి మసి పూసుకునేవాళ్లు ఆ తోవలో నాకు కనిపించరు. అక్క హనుమకొండలో ఒక హాస్టల్ వంటశాలలో పనిచేస్తూ నాతోనే ఉంటోంది.

పోయినేడు మల్లయ్య కాక వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చాడు. ముసలివాడైపోయాడు. ట్రాక్టర్‌ను తుక్కు కింద ఇచ్చేశానని, చెప్పకుండా ఉండలేక వచ్చానని అన్నాడు. అక్క మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, ఆయన తాగేదాకా ఆగి అడిగింది.

"మూత ఇప్పిండ్రా కాకా?"

"లేదు బిడ్డా. అట్లనే పోయింది."

"మంచిగయింది," అని అక్క ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది.

మా వీధిలో ఇప్పటికీ అప్పుడప్పుడూ ట్రాక్టర్లు పోతుంటాయి. అక్క తల ఎత్తి చూడదు.