మలుపు దగ్గర వీడియో కేవైసీ

మొన్న సంత రోజున ఘాట్ రోడ్డు మలుపులో నా పరువు పోయింది. ఎవరో తీసింది కాదు. నేనే, నా నోటితోనే పోగొట్టుకున్నాను.

రెండేళ్ల కిందట ఒక యాప్‌లో కొంచెం క్రిప్టో కొన్నాను. విలేకరిగా రిటైరైనా, కొత్తదేదైనా వస్తే వేలు పెట్టి చూసే బుద్ధి పోలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు. ఆ తర్వాత చెప్పే వీలూ లేకపోయింది. కిందటేడు ఒకాయన చింతపల్లి సంతకొచ్చి, కాఫీ పంట డబ్బు క్రిప్టో కాయిన్లలో పెడితే రెట్టింపు అన్నాడు. నేనే అడ్డం పడి, "పైసా పెట్టకండి" అని అందరికీ చెప్పాను. విన్నారు. పసుపు, మిరియాలు అమ్మే కొండమ్మయితే కట్టబోయిన డబ్బు మళ్లీ కొంగున ముడేసుకుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు మిగిలింది ఆ నమ్మకమే.

పోయిన వారం యాప్ నుంచి మెయిల్. ప్రభుత్వ నిబంధనలు గట్టిపడ్డాయట. పాత ఖాతాదారులు కూడా మళ్లీ కేవైసీ చేయించుకోవాలి, ముఖం లైవ్‌లో చూపాలి, లొకేషన్ కనబడాలి. లేకుంటే ఖాతా ఆపేస్తారు. సరే, అది కానిచ్చి, ఉన్నది అమ్మేసి, పన్ను కట్టేసి, చడీచప్పుడు లేకుండా బయటపడదామనుకున్నాను.

మా ఊళ్లో వీడియో కాల్ నిలవదు. మలుపు దగ్గరే సిగ్నల్. వెళ్లేసరికి ఎవరూ లేరు. ఫోన్‌లో ఒక అమ్మాయి కనబడింది. తల కుడికి తిప్పమంది, ఎడమకి తిప్పమంది, కళ్లార్పమంది. అన్నీ చేశాను. ఇంతలో మాట తెగడం మొదలైంది.

"సార్, వినబడట్లేదు. ఏం కొన్నారు, ఎందుకు కొన్నారు, గట్టిగా చెప్పండి."

గట్టిగా అనగానే నేను ముప్పై ఏళ్లు వెనక్కి పోయాను. అప్పట్లో చింతపల్లిలో నాకు దిక్కు ఒక ఎస్టీడీ బూత్. వాన పడితే లైన్ గరగరమనేది. ఒక చెవి మూసుకుని, కళ్లు కూడా మూసుకుని, విశాఖలో మా పేపరు డెస్కుకి వార్త అరిచేవాణ్ని, కామాలతో సహా, చివర నా పేరుతో సహా. సంతకొచ్చినవాళ్లు బయట నిలబడి వినేవారు. మర్నాటి పేపరు వాళ్లకి ముందు రోజే అందేది. తడిసిన గొంగళ్ల వాసన, బూత్ ఆయన పోసే అల్లం టీ. ఆ టీ మళ్లీ ఎక్కడా దొరకలేదు.

కళ్లు మూసుకున్నాను.

"రెండేళ్ల కిందట, కామా, సొంత డబ్బుతో క్రిప్టో కొన్నాను, ఫుల్‌స్టాప్. లాభం వస్తుందని ఆశపడ్డాను, ఫుల్‌స్టాప్. పేరా."

"సార్, కళ్లు తెరవండి," అంది అమ్మాయి. "మీ వెనక ఎవరూ ఉండకూడదు."

తిరిగి చూశాను. సంత జీపు ఆగి ఉంది. దిగినవాళ్లు దిగి, టాపు మీదివాళ్లు టాపు మీదే ఉండి, శ్రద్ధగా వింటున్నారు. అందరికంటే ముందు కొండమ్మ, నెత్తిన పసుపు బుట్టతో.

"ఏటి బాబూ, మమ్మల్ని కొనొద్దన్నది ఇదేనా?"

"అదీ... తెలుసుకుందామని కొన్నానమ్మా."

"ఆశపడ్డానని ఇప్పుడే సెప్పారు గదా." జీపంతా నవ్వింది. ఆమె మాత్రం కాస్త మెత్తబడింది. "పోన్లెండి. మీ అరుపు యిని ఎన్నాళ్లయిందో. నేను సిన్న గుంటగా ఉన్నప్పుడు బూత్ కాడ ఇలాగే నిలబడేవోళ్లం. కానీ బాబూ, సివర్న మీ పేరు సెప్పడం మర్సిపోనారు."

కేవైసీ తిరస్కరించారు. కారణం, వెనక ఇతరులు. సాయంత్రానికి జీపు తిరిగినంత మేరా వార్త చేరింది, మా ఇంటితో సహా.

ముప్పై ఏళ్లు డెస్కుకి వార్తలు పంపాను. ఒక్క మాటా కోత పడకుండా వెలువడింది ఇదొక్కటే.